అద్దె వోచరు – ఇల్లు లేనివారికి ఒక మార్గము

(సంఘ కూడికలలో చదివి చర్చించుటకు ఒక పాఠము)



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. అద్దె ఇల్లు వెదకి చూడు అని వారు చెప్పలేదు. సొంత ఊరు విడిచి వచ్చిన మన కుటుంబములకు ఆ మూడవ కష్టము కూడ బాగుగా తెలియును. మన తాతలు, తండ్రులు బెంగుళూరు వీధులలోను, షోలాపురము మగ్గముల పేటలలోను, కోలారు గనుల లైన్లలోను ఒక గది బాడుగకు దొరకుటకై ఎన్ని గడపలు ఎక్కి దిగిరో ఇంటింటికి ఒక కథ కలదు. నేడు మనలో చాలమందికి సొంత ఇండ్లు కలవు. కొందరము మేడమీద ఒకటి రెండు పోర్షనులు వేసి అద్దెకు ఇచ్చుచున్నాము. కాబట్టి ఈ పాఠము అద్దెకుండువారికే కాదు, అద్దెకిచ్చువారికి కూడ.

పాఠ ఉద్దేశము

ఈ పాఠము ముగియునప్పటికి మనము మూడు విషయములు గ్రహించవలెను.

1. మనుష్యులు ఇల్లు లేనివారగుటకు ముఖ్య కారణమేమి?
2. అమెరికా దేశములో 50 సంవత్సరములుగా నడచుచున్న అద్దె వోచరు పద్ధతి ఏమి, దానివలన కలిగిన మేలు ఎంత?
3. ఆ పద్ధతి ఎక్కడ ఆగిపోయినది, దానినుండి మనము నేర్చుకొనవలసినదేమి?

ప్రవేశిక

బడిలో పాఠము మొదలుపెట్టునప్పుడు పిల్లలకు తెలిసినదానినుండి తెలియనిదానికి వెళ్ళవలెనని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. అట్లే ఇప్పుడు ఒక ప్రశ్నతో మొదలుపెట్టుదము. ఒక మనిషి రాత్రివేళ కాలిబాటమీద ఎందుకు నిద్రించును?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి చోట నాకు వచ్చిన జవాబులు ఇవి: త్రాగుడు, సోమరితనము, మతిభ్రమ, కన్నవారు వెళ్ళగొట్టుట. ఈ జవాబులలో కొంత నిజము కలదు. అయితే ఒక చిక్కు ఉన్నది. త్రాగుబోతులు, రోగులు, బీదలు ప్రతి పట్టణములోను ఉన్నారు. ఇల్లు లేనివారు మాత్రము కొన్ని పట్టణములలో చాల ఎక్కువ, కొన్నిటిలో చాల తక్కువ. అది ఎందుచేత?

గ్రెగ్ కోల్బర్న్, క్లేటన్ పేజ్ ఆల్డర్న్ అను ఇద్దరు 2022లో అమెరికా పట్టణములను పోల్చి ఒక గ్రంథము ప్రచురించిరి. డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ వంటి పట్టణములలో బీదరికము ఎక్కువ, అయినను ఇల్లు లేనివారి వంతు తక్కువ. సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి సంపన్న పట్టణములలో ఆ వంతు ఎంతో ఎక్కువ. తేడా ఎక్కడ ఉన్నదని చూడగా, అద్దె ఎంత, ఖాళీ ఇండ్లు ఎన్ని అను రెండు లెక్కలలోనే ఎక్కువగా కనబడినది. అద్దెలు తక్కువగా ఉన్న ఊరిలో బలహీనుడైనవానికి కూడ ఒక గది దొరకును. అద్దెలు పెరిగిన ఊరిలో మొదట రోడ్డున పడువాడు ఆ బలహీనుడే. వాని బలహీనత కంటికి కనబడును. అద్దె మాత్రము కనబడదు. అందుచేత మనము వానినే తప్పుపట్టుదుము.

ఇప్పుడు వోచరు అను మాటకు వత్తము. మన ఆఫీసులలో వోచరు అనగా డబ్బు ముట్టినట్లు వ్రాసి సంతకము చేయు కాగితము. ఇక్కడ అర్థము వేరు. ప్రభుత్వము ఒక బీద కుటుంబమునకు ఇచ్చు అద్దె హామీ పత్రమే అద్దె వోచరు. "మీకు నచ్చిన ఇల్లు మీరే చూచుకొనుడి. మీ ఆదాయములో ఒక భాగము మీరు చెల్లించుడి. మిగిలిన అద్దె మేము యజమానికి చెల్లించెదము" అని దాని భావము. రేషను కార్డుతో మనము సరకులు తెచ్చుకొనుటకు ఒక్క దుకాణమునకే వెళ్ళుట అలవాటు. ఈ వోచరుతో ఊరిలోని ఏ ఇంటి తలుపునైనను తట్టవచ్చును. తెరచువారు ఉన్నారా లేదా అన్నది తరువాత చూతము.

1. ఈ పద్ధతి ఎట్లు పుట్టినది

అమెరికాలో 1937లో గృహ చట్టము వచ్చినది. దాని ప్రకారము బీదల కొరకు ప్రభుత్వమే ఇండ్లు కట్టించి తక్కువ అద్దెకు ఇచ్చుట మొదలైనది. కొన్ని చోట్ల అది బాగుగా నడచినది. కొన్ని చోట్ల బీదలనందరిని ఒకే చోట గుంపుగా పెట్టుటవలన, మరమ్మతులకు డబ్బు చాలకపోవుటవలన ఆ భవనములు పాడైపోయినవి. సెయింట్ లూయిస్ పట్టణములో 1950లలో 33 భవనములు, ఒక్కొక్కటి 11 అంతస్తులుగా కట్టిరి. దాని పేరు ప్రూయిట్-ఐగో. ఇరువది ఏండ్లు నిండకమునుపే, 1972లో దానిని కూల్చుట మొదలుపెట్టిరి.

ఇండ్లు కట్టించి ఇచ్చినను అద్దె కట్టలేనివారి సంగతి ఏమి? మసాచుసెట్స్ రాష్ట్రపు సెనేటరు ఎడ్వర్డ్ బ్రూక్ 1969లో ఒక సవరణ తెచ్చెను. ప్రభుత్వ ఇండ్లలోని బీద కుటుంబమునుండి దాని ఆదాయములో 25 శాతమునకు మించి అద్దె తీసికొనకూడదని దాని సారాంశము. తరువాత 1981లో ఇది 30 శాతమాయెను. మన పాఠములోని లెక్కలన్నిటికి ఈ 30 శాతమే ఆధారము.

1970లలో ప్రభుత్వము ఒక పెద్ద ప్రయోగము చేసినది. విస్కాన్సిన్ రాష్ట్రములోని గ్రీన్ బే ప్రాంతములోను, ఇండియానా రాష్ట్రములోని సౌత్ బెండ్ ప్రాంతములోను అర్హులందరికి అద్దె సహాయము ఇచ్చి చూచిరి. "బీదల చేతిలో డబ్బు పెట్టితే యజమానులు అద్దెలు పెంచుదురు" అని అప్పుడు చాలమంది భయపడిరి. అక్కడ అద్దెలు చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. 1974 ఆగస్టులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకముతో కొత్త చట్టము వచ్చి, పాత 1937 చట్టములో ఎనిమిదవ సెక్షను చేరినది. అందుచేతనే అమెరికాలో సామాన్యులు ఈ సహాయమును నేటికిని "సెక్షన్ ఎయిట్" అనియే పిలుచుదురు. వోచరు అను రూపము 1983లో వచ్చినది. 1998 చట్టము వివిధ రకములను ఒక్కటిగా కలిపినది.

2. వోచరు ఎట్లు పనిచేయును

ఒక ఉదాహరణ తీసికొందము. ఇది మన అవగాహన కొరకు వేసిన లెక్క.

ఒక తల్లికి ఇద్దరు పిల్లలు. తగ్గింపులు పోగా ఆమె ఆదాయము నెలకు 1,500 డాలర్లు. అందులో 30 శాతము 450 డాలర్లు. ఆ ఊరిలో ఆ సైజు ఇంటికి స్థానిక గృహ సంస్థ పెట్టిన పరిమితి 1,300 డాలర్లు అనుకొందము. ఆమె చూచుకొన్న ఇంటి అద్దె, కరెంటు, నీరు కలిపి 1,300 డాలర్లు. అప్పుడు ఆమె 450 చెల్లించును. మిగిలిన 850 డాలర్లు గృహ సంస్థ నేరుగా ఇంటి యజమానికి పంపును.

ఆమె పని గంటలు తగ్గి ఆదాయము 500 డాలర్లకు పడిపోయినదనుకొనుడి. ఆమె తెలియజేసిన తరువాత ఆమె వంతు 150 అగును, సంస్థ వంతు 1,150 అగును. యజమానికి రావలసిన అద్దె మాత్రము తగ్గదు. ఈ పద్ధతి యొక్క బలమంతయు ఇక్కడనే ఉన్నది. పని పోయిన నెలలో, జబ్బు చేసిన నెలలో ఆ కుటుంబము వీధిపాలు కాదు.

ఆమె 1,400 డాలర్ల ఇల్లు కోరితే పైనున్న 100 తానే కలుపుకొనవలెను. అయితే మొదట చేరునప్పుడు ఆమె వంతు ఆదాయములో 40 శాతమునకు మించరాదు. గుర్తుంచుకొనవలసిన మరికొన్ని నియమములు ఇవి:

(అ) ఏ ఇంటికి ఎంత అద్దె తగునో కేంద్ర గృహ శాఖ ఏటేట ప్రకటించును. ఒక ప్రాంతములోని సాధారణ ఇండ్ల అద్దెలను తక్కువనుండి ఎక్కువకు వరుసగా పేర్చితే, వందలో నలుబదవ స్థానమున ఉండు అద్దెకు దగ్గరగా అది ఉండును. స్థానిక పరిమితిని సాధారణముగా దానికి 10 శాతము అటు ఇటుగా పెట్టుదురు.

(ఆ) ఇంటిని ముందుగా తనిఖీ చేయుదురు. నీరు, వేడి, కిటికీలు, మెట్లు, కరెంటు తీగెలు సరిగా లేనియెడల డబ్బు రాదు.

(ఇ) ప్రతి సంస్థ ప్రతి సంవత్సరము కొత్తగా చేర్చుకొను కుటుంబములలో కనీసము 75 శాతము మిక్కిలి బీదలై యుండవలెను. ఇది 1998 చట్టపు షరతు.

(ఈ) ఇల్లు వెదకుకొనుటకు కనీసము 60 దినముల గడువు ఇత్తురు. గడువులోగా ఇల్లు దొరకకపోతే, గడువు పొడిగింపకపోతే, వోచరు తిరిగి ఇచ్చివేయవలెను.

ఇటీవలి సంవత్సరములలో సుమారు 23 లక్షల కుటుంబములు ఈ వోచరులతో నివసించుచున్నవి.

3. ఫలితము ఏమి? మూడు సాక్ష్యములు

మంచి ఉద్దేశముతో చేసిన పనియంతయు మంచి ఫలితము ఇయ్యదు. కాబట్టి సాక్ష్యము అడుగవలెను.

మొదటి సాక్ష్యము ఆశ్రయ గృహములలోని కుటుంబములది. 2010 నుండి 2012 వరకు 12 ప్రాంతములలో, ఆశ్రయ గృహములలో తలదాచుకొన్న 2,282 కుటుంబములను ఒక అధ్యయనములో చేర్చిరి. చీటీలు వేసినట్లు యాదృచ్ఛికముగా వారిని విభజించిరి. కొందరికి శాశ్వత అద్దె సహాయము, అనగా ఎక్కువగా వోచరు, లభించినది. కొందరికి కొద్ది నెలల సహాయము. కొందరికి సేవలతో కూడిన తాత్కాలిక నివాసము. మిగిలినవారిని మామూలుగా ఆ ఊరిలో దొరకు సహాయమునకే విడిచిరి. 20 నెలల తరువాత చూడగా, వోచరు వంటి శాశ్వత సహాయము పొందినవారిలో ఇల్లు లేని స్థితి, మామూలు గుంపుతో పోల్చితే, సగమునకు పైగా తగ్గినది. పిల్లలు బడులు మారుట తగ్గినది. తిండికి కొరత తగ్గినది. పెద్దల మానసిక వేదన తగ్గినది. భాగస్వామి చేతిలో దెబ్బలు తినుట కూడ తగ్గినది. పోవుటకు చోటులేని స్త్రీ కొట్టువాని ఇంటిలోనే ఉండిపోవును. ఇది మనకు తెలియని సంగతి కాదు.

ఖర్చు సంగతి వినుడి. ఆశ్రయ గృహములో ఒక కుటుంబమునకు నెలకు సుమారు 4,800 డాలర్లు ఖర్చు కాగా, శాశ్వత అద్దె సహాయమునకు నెలకు సుమారు 1,160 డాలర్లు మాత్రమే అయినది. అద్దె సహాయము ఎక్కువ కాలము సాగును గనుక, 37 నెలల మొత్తము లెక్క వేయగా మామూలు గుంపుకంటె 9 శాతము ఎక్కువైనది. అనగా కొంచెము అదనపు ఖర్చుతో చాల ఎక్కువ మేలు.

రెండవ సాక్ష్యము మాజీ సైనికులది. యుద్ధమునుండి తిరిగి వచ్చి కాలిబాటలమీద పడియున్న సైనికులు ఆ దేశమునకు పెద్ద అవమానముగా నుండెను. 2008 నుండి వారికై ప్రత్యేక వోచరులు విరివిగా ఇచ్చి, వాటికి తోడుగా మాజీ సైనికుల శాఖ వైద్యమును, సలహాదారులను జతపరచినది. 2010లో జరిగిన లెక్కలో ఇల్లు లేని మాజీ సైనికులు సుమారు 74,000 మంది. 2024 జనవరి లెక్కలో సుమారు 33,000 మంది. దేశములో తక్కినవారి సంఖ్య పెరిగిన కాలములోనే వీరి సంఖ్య సగమునకంటె తగ్గినది.

మూడవ సాక్ష్యము పిల్లలది. 1994 నుండి 1998 వరకు బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెల్స్, న్యూయార్క్ పట్టణములలో సుమారు 4,600 కుటుంబములతో ఒక ప్రయోగము జరిగినది. ప్రభుత్వ భవనములలోని కొన్ని బీద కుటుంబములకు, బీదరికము తక్కువగా ఉన్న పేటలకు మారవలెనను షరతుతో వోచరులు ఇచ్చిరి. మొదటి సంవత్సరములలో తల్లిదండ్రుల సంపాదన పెరుగలేదు గనుక ప్రయోగము విఫలమైనదని కొందరనిరి. అయితే రాజ్ చెట్టి, నథానియేల్ హెండ్రన్, లారెన్స్ కాట్జ్ అను ఆర్థికవేత్తలు ఆ పిల్లలు పెద్దవారైన తరువాత లెక్కలు చూచిరి. 13 సంవత్సరములు నిండకముందు మారిన పిల్లలు ఇరువదుల నడి వయస్సులో 31 శాతము ఎక్కువ సంపాదించుచుండిరి. పెద్ద వయస్సులో మారిన పిల్లలకు ఆ లాభము కలుగలేదు. ఉపాధ్యాయుడుగా నేనైతే ఈ ఫలితమునకు ఆశ్చర్యపడలేదు. ఏ వీధిలో ఏ వయస్సులో పెరిగినాడన్నది పిల్లవాని పలకమీద మనము వ్రాయు అక్షరములకంటె లోతుగా పడును.

4. మరి ఎక్కడ ఆగిపోయినది

ఇంత మేలు చేయు పద్ధతి 50 ఏండ్లుగా ఉండగా, 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కలో అమెరికాలో ఇల్లు లేనివారు 7,71,480 మంది ఎందుకు తేలిరి? అంతకుముందు సంవత్సరముకంటె ఇది 18 శాతము ఎక్కువ. ఈ ప్రశ్నను దాటవేయకూడదు. కారణములు నాలుగు.

(అ) వోచరులు చాలవు. అర్హులైన నాలుగు కుటుంబములలో ఒకదానికే ఏదో ఒక కేంద్ర అద్దె సహాయము అందుచున్నది. ఇది రేషను వలె అర్హులందరికి చెందు హక్కు కాదు. నిధులున్నంత మట్టుకే. వోచరు పొందినవారు సగటున రెండున్నర సంవత్సరములకు దగ్గరగా వేచియున్నట్లు లెక్కలు చెప్పుచున్నవి. కొన్ని ఊళ్ళలో జాబితాయే మూసివేయుదురు. కరోనా తరువాత 2021లో ఇల్లు లేనివారికై 70,000 అత్యవసర వోచరులు ఇచ్చిరి. ఆ నిధులకు 2030 వరకు గడువు పెట్టిరి. కాని అద్దెలు పెరిగి డబ్బు త్వరగా కరిగిపోయినది. 2025 మార్చిలో ఇదే ఆఖరి విడతయని గృహ శాఖ తెలియజేసినది.

(ఆ) తలుపు తెరచువారు తక్కువ. చాల ప్రాంతములలో వోచరు ఉన్నవారిని చేర్చుకొనుమని యజమానిని నిర్బంధించు చట్టము లేదు. 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఇంటి ప్రకటన ఇచ్చినవారికి ఫోను చేసి "వోచరు తీసికొందురా?" అని అడిగిరి. ఫోర్ట్ వర్త్ పట్టణములో 78 శాతము, లాస్ ఏంజెల్స్‌లో 76 శాతము యజమానులు కాదనిరి. అట్లు నిరాకరించుటను నిషేధించు చట్టము గల వాషింగ్టన్ నగరములో 15 శాతము మాత్రమే కాదనిరి. ఆ తరువాత 2019లో న్యూయార్క్ రాష్ట్రము, 2020 జనవరి నుండి కాలిఫోర్నియా రాష్ట్రము అట్టి చట్టములు అమలులోనికి తెచ్చినవి. యజమానులు చెప్పు కారణములు తనిఖీల ఆలస్యము, కాగితముల పని, ఇల్లు పాడుచేయుదురను భయము. చెప్పని కారణములలో రంగు ఒకటి.

(ఇ) మొదటి మెట్టు ఎక్కలేరు. వోచరు నెల నెల అద్దెకు మాత్రమే. చేరునప్పుడు ఇయ్యవలసిన డిపాజిట్టు సాధారణముగా అద్దెకు దిగువారే తెచ్చుకొనవలెను. చేతిలో చిల్లిగవ్వ లేనివానికి ఇదే పెద్ద గోడ.

(ఈ) ఇండ్లే లేనిచోట వోచరు ఇల్లు పుట్టించదు. ఖాళీలు లేని ఊరిలో పదిమందికి వోచరులు ఇచ్చినను ఉన్న ఇండ్లు అవే. కాబట్టి వోచరులతోపాటు ఇండ్లు కట్టుట కూడ సాగవలెను.

మరొక విమర్శ. "ఊరికే ఇచ్చిన సోమరులగుదురు" అని మనలోను అందురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. షికాగోలో 1997లో లాటరీ ద్వారా వోచరులు పంచిరి. వాటిని పొందినవారిలో పనికి వెళ్ళువారు సుమారు 4 శాతమంది తగ్గిరని తరువాత తేలినది. ఆదాయము పెరిగినప్పుడు అద్దె వంతు కూడ పెరుగును గదా, అందువలన. లోపమును లోపమనియే చెప్పుదము. అయితే వందమందిలో నలుగురు తగ్గిరని తక్కిన తొంబదియారుగురి పిల్లలను కాలిబాటమీద నుంచుట న్యాయమా?

5. మన దేశములోను, మన ఇంటిలోను

అమెరికా సంగతి మనకెందుకని కొందరు అడుగవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. అదే లెక్కలో పట్టణములలో ఖాళీగా తాళము వేసియున్న ఇండ్లు కోటి పదిలక్షలు. 2015లో కేంద్ర ప్రభుత్వము తయారుచేసిన పట్టణ అద్దె గృహముల విధాన ముసాయిదాలో అద్దె వోచరుల ఆలోచన కూడ చేరినది. అయితే అమెరికావలె దేశమంతట నడచు పథకముగా అది రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు కూలివారినుండి ఒక నెల అద్దె అడుగవద్దని కేంద్ర హోము శాఖ 29వ తేదీన ఉత్తర్వు ఇచ్చెను. అప్పటికే వేలాదిమంది మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్డు పట్టియుండిరి. వారిలో మన తెలుగువారు కూడ ఉండిరి. అద్దె అను మాట వెనుక ఎంత భయమున్నదో ఆ నెలలో దేశమంతయు చూచినది.

ఇక నా సంగతి చెప్పుదును. బెంగుళూరులో పది నెలల అద్దె అడ్వాన్సు తీసికొనుట చాలకాలముగా ఉన్న వాడుక. కొన్ని సంవత్సరముల క్రితము మా మేడమీది గది ఖాళీ అయినది. అనంతపురము జిల్లానుండి వచ్చిన ఒక తాపీ మేస్త్రి భార్యను, చంటిపిల్లను వెంటబెట్టుకొని వచ్చెను. అద్దె రెండువేలు. "అయ్యగారూ, నెలనెలా ఒకటో తేదీకి ఇచ్చేస్తాను. అడ్వాన్సు ఇరవై వేలు మాత్రం నావల్ల కాదు. రెండు నెలలది ఇస్తాను" అనెను. "అందరూ ఇచ్చేదే నాయనా, నీకొక్కడికి ఎట్లా తగ్గిస్తాను" అంటిని. అతడు మారు మాటాడక దండము పెట్టి మెట్లు దిగెను. తరువాత వారము నేను వాకింగుకు వెళ్ళుచు, కట్టుచున్న ఒక అపార్ట్‌మెంటు ప్రక్కన నీలిరంగు టార్పాలిను క్రింద ఆ తల్లి పొయ్యి ఊదుచుండగా చూచితిని. పిల్ల ఇసుకలో ఆడుకొనుచుండెను. ఆమె నన్ను గుర్తుపట్టి కొంగు సవరించుకొనెను. నేను తలవంచుకొని వచ్చితిని. నా గది అప్పటికింకను ఖాళీగానే ఉండెను.

ఆ మేస్త్రికి సోమరితనము లేదు, త్రాగుడు లేదు. అతడు ఊరివారికి ఇండ్లు కట్టు మనిషి. అతనికి, నా గదికి మధ్య ఉన్నది పదహారువేల రూపాయలు మాత్రమే. ఫోర్ట్ వర్త్‌లో ఫోను పెట్టివేసిన యజమానిని తప్పుపట్టుటకు నాకు నోరు రాకుండుటకు కారణమిదే.

6. చేయగలిగినది

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను, దానిని మనము అడుగవలెను. 2021లో కేంద్రము ఆమోదించిన మాదిరి అద్దె చట్టములో నివాసగృహములకు డిపాజిట్టు రెండు నెలల అద్దెకు మించరాదని ఉన్నది. అది మాదిరి మాత్రమే, అమలుపరచవలసినది రాష్ట్రములు. మీ రాష్ట్రములో ఏమి ఉన్నదో తెలిసికొనుడి.

మన చేతిలో ఉన్నది కూడ కొంత కలదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రము 2018లో ఒక నిధి ఏర్పరచినది. సహాయముతో అద్దెకు దిగినవారివలన ఇంటికి నష్టము కలిగితే, 5,000 డాలర్ల వరకు యజమానికి ఆ నిధినుండి ఇత్తురు. యజమాని భయమును పోగొట్టుట దాని ఉద్దేశము. మన సంఘములు అంత పెద్ద పని చేయలేవు. అయితే ఒక చిన్న అడ్వాన్సు నిధి పెట్టవచ్చును. కూలికి వచ్చిన కుటుంబము రెండు నెలల అడ్వాన్సు ఇచ్చుకొనును, మిగిలినదానికి నిధి పూచీ ఉండును. ఇల్లు ఖాళీ చేయునప్పుడు బాకీ, నష్టము ఏమియు లేనియెడల నిధి కదలదు. అదే డబ్బు మరొక కుటుంబమునకు పూచీగా నిలుచును.

పునశ్చరణ

1. ఇల్లు లేని స్థితికి మనిషి బలహీనత ఒక కారణము. ఆదాయమునకు, అద్దెకు నడుమ గల దూరము అంతకంటె పెద్ద కారణము.
2. వోచరు ఆ దూరమును పూడ్చును. కుటుంబము తన ఆదాయములో సుమారు 30 శాతము ఇచ్చును, మిగిలినది యజమానికి నేరుగా చేరును.
3. ఆశ్రయ గృహములలోని కుటుంబములలో అది ఇల్లు లేని స్థితిని సగమునకు పైగా తగ్గించినది.
4. నలుగురు అర్హులలో ఒకరికే సహాయము అందుచున్నది. అందినవారికి కూడ ఇల్లు, డిపాజిట్టు, ఒప్పుకొను యజమాని కావలెను.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఊరిలో ఒక గది అద్దె ఎంత? ఒక కూలివాని నెల సంపాదనలో అది ఎంత శాతము? లెక్క వేసి చెప్పుడి.
2. ప్రభుత్వము ఇల్లు కట్టి ఇచ్చుట మేలా, అద్దెకు సహాయము చేయుట మేలా? ఏ ఊరిలో ఏది తగును?
3. "ఊరికే ఇచ్చిన సోమరులగుదురు" అను మాటకు ఈ పాఠములోని సాక్ష్యములనుబట్టి మీ జవాబేమి?
4. మీరు అద్దెకిచ్చువారైతే ఎవరెవరిని కాదనిరి? కారణమేమి?

ఇంటి పని

ఈ నెలలో మీ వీధిలో ఖాళీగా ఉన్న గదులు ఎన్నియో, అడ్వాన్సు ఎంత అడుగుచున్నారో వ్రాసికొని, రాబోవు కూడికకు తీసికొని రండి. మీ గది ఒకటి ఖాళీగా ఉన్నయెడల దానిని కూడ ఆ పట్టికలో వ్రాయుడి. నా పట్టికలో మొదటి వరుసలో మా మేడమీది గదిని వ్రాసితిని. అడ్వాన్సు అను గడిలో రెండు నెలలు అని వేసితిని.

ఇట్లు,
మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద